వన్నామీ కుబుసం వదిలి మూడు రోజులైనా పెంకు గట్టిపడట్లేదు: రొయ్య ఒంట్లో ఏది ఆగింది?

కైకలూరు_చెరువు
ఎకరం చెరువు, నీటి లోతు 1.2 మీటర్లు, వన్నామీ సైజు 8 గ్రాములు. అమావాస్యకి మోల్టింగ్ (మూకుమ్మడిగా కుబుసం వదలడం) పడింది. మూడో రోజు విసురు వల వేసి చూస్తే నూటికి పాతిక దాకా ఇంకా మెత్తగానే ఉన్నాయి. మేత కూడా తగ్గింది.

ల్యాబ్ రిపోర్టు: సాలినిటీ (ఉప్పదనం) 4 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీళ్ళకి 4 భాగాల ఉప్పు. లీటరుకి మిల్లీగ్రాముల్లో కాల్షియం 90, మెగ్నీషియం 60, పొటాషియం 12, సోడియం 1,150, ఆల్కలినిటీ 240. పీహెచ్ ఉదయం 7.9, సాయంత్రం 8.5. తెల్లారుజామున డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 3.6.

మందుల షాపులో కాల్షియం వెయ్యమంటున్నారు. వేసేముందు అసలు రొయ్య ఒంట్లో ఏ పని ఆగిపోయి పెంకు మెత్తగా ఉండిపోయిందో తెలుసుకోవాలని ఉంది. వివరంగా చెప్పగలరా?

మొప్పల_మాస్టారు
మంచి ప్రశ్న అండి. పెంకు ఎలా తయారవుతుందో చూస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

రొయ్య పెంకు కైటిన్, ప్రోటీన్, కాల్షియం కార్బొనేట్ కలిసిన కట్టడం. అందులో నాలుగు పొరలు: పైన పల్చటి ఎపిక్యూటికిల్, దాని కింద ఎక్సోక్యూటికిల్, తర్వాత మందమైన ఎండోక్యూటికిల్, అడుగున ఖనిజం లేని ఒక పల్చటి పొర. పై రెండు పొరలూ కుబుసం వదలకముందే, పాత పెంకు కిందనే మడతలుగా సిద్ధమైపోతాయి. ఎండోక్యూటికిల్ మాత్రం కుబుసం వదిలాకే వెయ్యాలి. పెంకుకి గట్టిదనం ఇచ్చేది ముఖ్యంగా ఈ పొరే. అంటే మీ చెరువులో మెత్తగా ఉన్న రొయ్యలు కుబుసం వదలడం సరిగానే చేశాయి, ఆ తర్వాత జరగాల్సిన పని దగ్గర ఆగాయి.

ఆ పనికి కాల్షియం ఎక్కణ్ణుంచి రావాలి? మంచినీటి క్రేఫిష్‌లు కుబుసానికి ముందు పొట్ట గోడలో గ్యాస్ట్రోలిత్ అనే సున్నపు బిళ్ళలు దాచుకుంటాయి, తర్వాత వాటిని కరిగించి వాడుకుంటాయి. వన్నామీ లాంటి పీనియిడ్ రొయ్యలకి ఆ ఏర్పాటు లేదు. పాత పెంకులోని కాల్షియంలో ఎక్కువ భాగం వదిలేసిన డొల్లతోపాటే పోతుంది. కాబట్టి కొత్త పెంకుకి కావలసింది ప్రధానంగా నీళ్ళలోంచి, మొప్పల ద్వారా లాగాలి. 8 గ్రాముల రొయ్యకి మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పెంకు గట్టిపడాలి.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. కాల్షియం అయాన్ బైకార్బొనేట్‌తో కలిసి సున్నంగా మారినప్పుడు ఒక హైడ్రోజన్ అయాన్ మిగులుతుంది, అంటే ఆమ్లం. దాన్ని కూడా మొప్పలే బయటికి తొయ్యాలి. కాల్షియం లోపలికి, ఆమ్లం బయటికి, సోడియం క్లోరైడ్లు లోపలికి, అమ్మోనియా బయటికి. ఇవన్నీ ఒకే పల్చటి పొర గుండా, ఒకే సమయంలో జరగాలి. దానికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. మీ రిపోర్టులో నన్ను ఆపిన అంకెలు కాల్షియం కాదు, పొటాషియం 12, డీఓ 3.6.

చెక్‌ట్రే
మాస్టారు చెప్పినదాన్ని అంకెల్లో పెడతాను.

సముద్రపు నీళ్ళు 34, 35 పీపీటీలో కాల్షియం సుమారు 400, మెగ్నీషియం 1,350, పొటాషియం 380, సోడియం 10,500 మిల్లీగ్రాములు ఉంటాయి. తక్కువ ఉప్పు నీళ్ళలో కూడా రొయ్యకి ఆ నిష్పత్తే కావాలి. సాలినిటీని ఈ అంకెలతో గుణిస్తే ఎంత ఉండాలో వస్తుంది: కాల్షియానికి 11.6, మెగ్నీషియానికి 39.1, పొటాషియానికి 10.7, సోడియానికి 304.5.

మీ 4 పీపీటీకి కాల్షియం 46 ఉంటే చాలు, మీకు 90 ఉంది. మెగ్నీషియం 156 ఉండాలి, 60 ఉంది. పొటాషియం 43 ఉండాలి, 12 ఉంది. సోడియం పొటాషియం నిష్పత్తి సముద్రంలో 28కి 1, మీ చెరువులో 96కి 1. దాన్ని 40కి 1 కిందకి తేవాలి.

అంటే మీ నీళ్ళలో అవసరానికి రెట్టింపు ఉన్నది కాల్షియమే. లోపలి ప్రాంతాల బోరు నీళ్ళలో ఇది మామూలే: కాల్షియం, ఆల్కలినిటీ బాగుంటాయి, పొటాషియం అడుగంటి ఉంటుంది. ఇంకా కాల్షియం పోస్తే ఉన్న అసమతుల్యం పెరుగుతుంది.

ఉప్పుటేరు
కాల్షియం వేస్తే పెంకు గట్టిపడటం మా వైపు చెరువుల్లో చాలామంది చూశారండీ. మరి ఆ రైతులందరిదీ తప్పంటారా?

చెక్‌ట్రే
తప్పనను అండి. వాళ్ళ నీళ్ళు వేరు. మీ వైపు ఉప్పుటేరు నీళ్ళు ఎక్కించుకునే చెరువుల్లో మెగ్నీషియం, పొటాషియం సముద్రం నుంచే వస్తాయి. వానాకాలంలో ఆల్కలినిటీ, కాల్షియం రెండూ పడిపోయినప్పుడు సున్నపురకం ఏది వేసినా పని చేస్తుంది. కైకలూరు గారిది బోరు నీళ్ళ లెక్క. రిపోర్టు చూడకుండా ఒకే మందు రెండు చోట్లా వాడటం దగ్గరే నాకు అభ్యంతరం.

ఇంకొకటి, పీహెచ్ 8.3 దాటిన నీళ్ళలో వ్యవసాయ సున్నం దాదాపు కరగదు. అది అడుగుకి చేరి కూర్చుంటుంది.

బీఎస్సీ_జువాలజీ
నమస్తే సార్, మేడం. పొటాషియం లేకపోతే కాల్షియం పెంకులో చేరకపోవడం ఎందుకో అర్థం కాలేదు. పుస్తకంలో ఈ రెంటికీ సంబంధం చెప్పలేదు.

మొప్పల_మాస్టారు
సంబంధం నేరుగా కాదు బాబూ, మొప్పల్లోని పంపు ద్వారా.

వన్నామీ రక్తంలోని లవణాల గాఢత దాదాపు 25 పీపీటీ నీళ్ళతో సమానం. బయట 25 ఉన్నప్పుడు దానికి అయాన్ల విషయంలో పెద్దగా శ్రమ ఉండదు. బయట 4 ఉంటే నీళ్ళు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, ఉప్పు బయటికి కారిపోతూనే ఉంటుంది. ఆ కారిపోయేదాన్ని తిరిగి లాగేది మొప్ప కణాల లోపలివైపు పొరలో ఉండే సోడియం-పొటాషియం ఏటీపీఏజ్. ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) అణువు ఖర్చుతో అది 3 సోడియం అయాన్లను కణం నుంచి రక్తంలోకి తోసి, 2 పొటాషియం అయాన్లను కణంలోకి తీసుకుంటుంది. పొటాషియం అందకపోతే పంపు నెమ్మదిస్తుంది. ఏటీపీ కూడా మెగ్నీషియంతో కలిసి ఉంటేనే ఆ ఎంజైమ్‌కి పనికొస్తుంది. అందుకే ఆ రెండు ఖనిజాలూ తక్కువైన చెరువులో మిగతా అయాన్ల రాకపోకలన్నీ కుంటుపడతాయి.

కుబుసం వదిలే సమయంలో ఈ భారం ఇంకా పెరుగుతుంది. పాత పెంకు పగలడానికి, కొత్త పెంకు ఉబ్బి సాగడానికి రొయ్య కావాలనే నీళ్ళు ఒంట్లోకి తీసుకుంటుంది. రక్తం పల్చబడుతుంది. పంపు అప్పుడే ఎక్కువ పని చెయ్యాలి.

పరీక్షకి పనికొచ్చే మాట: హరిత గ్రంథి విసర్జక అవయవమే గానీ, అది తయారుచేసే మూత్రం గాఢతలో రక్తంతో సమానంగా ఉంటుంది. కాబట్టి ఒంట్లో ఉప్పు నిలబెట్టే పని మొప్పలదే. మెగ్నీషియం వంటి అయాన్లను సరిచెయ్యడంలో హరిత గ్రంథికి పాత్ర ఉంది. అమ్మోనియా కూడా ఎక్కువగా మొప్పల గుండానే పోతుంది.

ల్యాబ్_స్లైడ్
మందుల లెక్కకి వెళ్ళేముందు ఒక అనుమానం తీర్చుకోండి. నూటికి పాతిక మెత్తగా ఉన్నాయంటే అవన్నీ మూడు రోజుల కిందట వదిలినవేనా, లేక ఈ రాత్రే వదిలినవి కొన్ని కలిశాయా? చేత్తో నొక్కితే రెండూ ఒకేలా ఉంటాయి. తోక రెక్క చూస్తే తేడా తెలుస్తుంది.

మెత్తవి పది, గట్టివి పది రొయ్యలు తీసుకోండి. తోక పక్క రెక్క, అంటే యూరోపాడ్, దాని అంచు ముక్క చిన్న కత్తెరతో కత్తిరించి, స్లైడ్ మీద ఒక చుక్క చెరువు నీళ్ళలో పెట్టి, కవర్ స్లిప్ వేసి 40 రెట్లలో, తర్వాత 100 రెట్లలో చూడండి. ముక్క ఆరిపోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ఐదు నిమిషాల్లోపు చూడటం మేలు.

అంచున ఉండే వెంట్రుకలను, అంటే సీటాలను గమనించండి. సీటా లోపల కణపదార్థం నిండుగా, గరుకుగా కనిపించి, మొదలు దగ్గర ఇంకా శంకువు ఏర్పడకపోతే అది ఎ లేదా బి దశ: ఇప్పుడిప్పుడే కుబుసం వదిలింది. మొదళ్ళలో శంకువులు ఏర్పడి, చర్మపొర పెంకుకి అంటుకుని ఉంటే సి దశ, రెండు కుబుసాల మధ్య కాలం. చర్మపొర పెంకు నుంచి విడి మధ్యలో తేట గీతలా ఖాళీ కనిపిస్తే డి0 మొదలైంది. ఆ ఖాళీలో చర్మం అంచు అలలుగా మారి కొత్త సీటాలు కనిపిస్తే డి1, డి2. ఆ పైన ఒకటి రెండు రోజుల్లో కుబుసమే.

మెత్త రొయ్యల్లో సి దశ కనిపించిందనుకోండి, అంటే శరీరం చక్రంలో ముందుకి వెళ్ళింది గానీ పెంకులో ఖనిజం చేరలేదు. అది ఖనిజాల సమస్యే. ఎ, బి దశలే కనిపిస్తే అవి నిన్నటివో ఈ రాత్రివో, ఇంకో రోజు ఆగి చూడాలి.

మరో తేడా కూడా చూడాలి. పెంకు కాగితంలా పల్చగా ఉండి కండని అంటుకునే ఉంటే సాఫ్ట్ షెల్. పెంకుకీ కండకీ మధ్య ఖాళీ వచ్చి, పొత్తికడుపు నొక్కితే స్పాంజిలా దిగిపోతే, హెపటో (హెపటోప్యాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి) కూడా కుంచించుకుపోయి ఉంటే అది లూజ్ షెల్. లూజ్ షెల్‌లో కండే తగ్గిపోతోంది. దాన్ని నీళ్ళలో ఖనిజాలు వేసి సరిచెయ్యలేరు, హెపటో వైపు చూడాలి.

కైకలూరు_చెరువు
చూశాం మేడం. మెత్తవి పదిలో ఏడు సి దశ, మూడు బి. పెంకు కండని అంటుకునే ఉంది. హెపటో ముదురు గోధుమ రంగు, నిండుగా ఉంది. ఇప్పుడు మందు లెక్క చెప్పండి.

చెక్‌ట్రే
ఎకరం 4,047 చదరపు మీటర్లు. 1.2 మీటర్ల లోతుకి దాదాపు 4,850 ఘనపు మీటర్ల నీళ్ళు. లీటరుకి ఒక మిల్లీగ్రాము పెంచాలంటే ఘనపు మీటరుకి ఒక గ్రాము, అంటే మీ చెరువుకి 4.85 కిలోల అసలు మూలకం కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ డబ్బా మీద ఏం రాసి ఉన్నా మీరే లెక్క కట్టుకోవచ్చు.

పొటాషియం 12 నుంచి 29కి తెస్తే నిష్పత్తి 40కి 1 అవుతుంది. పెంచాల్సింది 17. అంటే 82 కిలోల పొటాషియం. ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో అసలు పొటాషియం సుమారు 50 శాతం (సంచి మీద 60 అని ఉండేది ఆక్సైడ్ లెక్క). కాబట్టి 165 కిలోలు. దాన్ని నాలుగు భాగాలు చేసి, రోజు విడిచి రోజు 41 కిలోల చొప్పున, డ్రమ్ములో పూర్తిగా కరిగించి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుండగా చెరువంతా చల్లాలి. గుళికలుగా విసిరితే అడుగున ఒకచోట గాఢత పెరిగి అక్కడి రొయ్యకి దెబ్బ తగులుతుంది.

మెగ్నీషియం ఖరీదైన పని. 60 నుంచి 90కి పెంచాలన్నా 145 కిలోల మెగ్నీషియం కావాలి. మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాల్లో అది 12 శాతమే, కాబట్టి 1,200 కిలోల పైన. మెగ్నీషియం సల్ఫేట్‌లో దాదాపు 10 శాతం, 1,450 కిలోల పైమాట. చెరువుకి 10 కిలోల మెగ్నీషియం మందు చల్లి పని అయిందనుకోవడంలో అర్థం లేదు. పది కిలోల సల్ఫేట్ మీ నీళ్ళలో పెంచేది లీటరుకి 0.2 మిల్లీగ్రాములే. ముందు పొటాష్ పూర్తి చెయ్యండి, పంట మీద మిగిలే డబ్బు చూసుకుని తర్వాత మెగ్నీషియం విడతలుగా.

ఇంకో మాట. చెరువు అడుగు బంకమట్టి అయితే వేసిన పొటాషియంలో కొంత మట్టి పట్టేసుకుంటుంది. ఆఖరి విడత తర్వాత వారానికి మళ్ళీ పరీక్ష చేయించి, తగ్గినంత వెయ్యండి. కొత్త చెరువుల్లో ఈ నష్టం ఎక్కువ.

ఉప్పుటేరు
లెక్క బాగుంది. డీఓ సంగతి వదిలెయ్యకండి. 3.6 అంటే మోల్టింగ్ రాత్రి చాలా తక్కువ. ఏరేటర్లు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా ఆపకుండా తిప్పాలి. ఆ రోజుల్లో మేత పావు వంతు తగ్గించాలి.

మొప్పల_మాస్టారు
ఉప్పుటేరు గారి మాటకి శరీరంలో గట్టి కారణం ఉంది.

రొయ్య శ్వాస పంపు స్కాఫోగ్నాథైట్. రెండో మాక్సిల్లా ఉపాంగంలోని తెడ్డులాంటి భాగం అది. మొప్పల గది లోపల అది ఆడుతూ ఉంటే నీళ్ళు పెంకు కింది అంచు దగ్గర, కాళ్ళ మొదళ్ళ నుంచి లోపలికి వచ్చి, తల ముందు నుంచి బయటికి పోతాయి. అప్పుడప్పుడు దిశ తిరగేసి మొప్పల్లోని మురికిని బయటికి తోస్తుంది.

కుబుసం అంటే వీపు మీది పెంకు ఒక్కటే పోవడం కాదు. మొప్పల మీది పల్చటి పొర, తెడ్డు మీది పొర, జీర్ణాశయం లోపలి కైటిన్ పొర, పురీషనాళం పొర అన్నీ ఒకేసారి వదలాలి. వదిలే ఆ కాస్సేపు తెడ్డు మెత్తగా ఉండి సరిగా ఆడదు. అప్పటికే ఆక్సిజన్ వాడకం పెరిగి ఉంటుంది. చెరువులో డీఓ అడుగంటే తెల్లారుజామునే చాలా రొయ్యలు కుబుసం వదులుతాయి. మోల్టింగ్ రోజు పొద్దున చెరువు అంచున కనిపించే చావులకి ఇదే దారి.

మేత మానడం కూడా అక్కణ్ణుంచే. జీర్ణాశయం ముందుగదిలో మేతను నూరే పళ్ళు కైటిన్‌వే. పాతవి ఊడి కొత్తవి మెత్తగా ఉన్నప్పుడు నూరలేదు కాబట్టి తినదు. ఆ రోజు చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెంలో) మేత మిగిలితే రోగమని భయపడి మందులు కలపక్కర్లేదు. మిగిలిన మేత అడుగున కుళ్ళి అమ్మోనియా అవడమే అసలు ప్రమాదం. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 7 శాతం దాకా ఉంటుంది. పీహెచ్ 9కి వెళ్తే అది 40 శాతం దాటుతుంది. బయట అమ్మోనియా పెరిగితే రొయ్య తన ఒంట్లోది మొప్పల గుండా బయటికి పంపలేదు.

బీఎస్సీ_జువాలజీ
సార్, మా సిలబస్‌లో ఉన్నది పాలిమోన్. మొప్పలు ఒక్కో పక్క 8, అర్ధచంద్రాకారం, ఆకుల్లాంటి పలకలు అని రాసి ఉంది. మార్కెట్లో తెచ్చిన వన్నామీలో అలా కనిపించట్లేదు. విచ్ఛేదనం చేసేటప్పుడు ఏ తేడాలు చూడాలి?

మొప్పల_మాస్టారు
అవి రెండూ వేరు వేరు వర్గాలు. పుస్తకంలోది మంచినీటి రొయ్య, ఇప్పుడు మాక్రోబ్రాకియం అంటున్నాం. స్కాంపి కూడా అదే ప్రజాతి. దాని మొప్పలు ఫిల్లోబ్రాంక్ రకం: మధ్య దండానికి అటూ ఇటూ పలకలు పేర్చినట్టు ఉంటాయి. అతుక్కున్న చోటుని బట్టి ఒక్కో పక్క ఒక పోడోబ్రాంక్, రెండు ఆర్థ్రోబ్రాంక్‌లు, ఐదు ప్లూరోబ్రాంక్‌లు, మొత్తం ఎనిమిది. వన్నామీ, టైగర్ పీనియిడ్‌లు. వీటి మొప్పలు డెండ్రోబ్రాంక్ రకం: దండం నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. ఒక మొప్ప తీసి నీళ్ళలో తేలనిచ్చి భూతద్దంతో చూస్తే కొమ్మలు విడివిడిగా కనిపిస్తాయి. గాలిలో చూస్తే ముద్దగా అంటుకుపోతాయి.

మొప్పలు తియ్యకుండానే గుర్తుపట్టే పద్ధతులు మూడు. మాక్రోబ్రాకియంలో పొత్తికడుపు రెండో ఖండం పక్క పలక మొదటిదాన్నీ మూడోదాన్నీ కప్పుతుంది. వన్నామీలో రెండోది మొదటిదాన్ని కప్పదు. వన్నామీలో నడకకాళ్ళు మొదటి మూడు జతలకీ చిన్న పటకార్లు ఉంటాయి, మాక్రోబ్రాకియంలో మొదటి రెండు జతలకే. మాక్రోబ్రాకియం ఆడది గుడ్లను ఈతకాళ్ళకి అంటించుకుని మోస్తుంది. వన్నామీ నీళ్ళలోకి వదిలేస్తుంది, 30 నుంచి 45 గ్రాముల ఆడది ఒక్కసారికి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా. గుడ్డు వ్యాసం 0.22 మిల్లీమీటర్లు, 16 గంటల్లో నాప్లియస్ (తొలి లార్వా) బయటికి వస్తుంది.

విచ్ఛేదనానికి రొయ్యని ఐసు నీళ్ళలో పెట్టి కదలిక పూర్తిగా ఆగాకే మొదలుపెట్టు. గుండె వీపు వైపు, శిరోవక్షం వెనక భాగంలో ఉంటుంది. కత్తెర మొనని పైకి ఎత్తి పెట్టి పెంకు మాత్రమే కత్తిరించాలి, మొన కిందకి దిగితే పెరికార్డియల్ గదే తెగుతుంది. గుండెకి మూడు జతల ఆస్టియా రంధ్రాలుంటాయి. మొప్పల నుంచి వచ్చిన రక్తం ముందు పెరికార్డియల్ గదిలో చేరి, ఆ రంధ్రాల గుండా గుండెలోకి వెళ్తుంది. సిరలు లేవు. ధమనుల నుంచి బయటపడ్డ రక్తం అవయవాల మధ్య ఖాళీల్లో నేరుగా తడుపుతూ, కిందనున్న స్టెర్నల్ సైనస్‌లో చేరి మళ్ళీ మొప్పలకి పోతుంది.

బీఎస్సీ_జువాలజీ
రక్తం నీలంగా ఉంటుందని చదివాం. తీస్తే రంగు లేకుండా నీళ్ళలా వచ్చింది.

ల్యాబ్_స్లైడ్
అది సహజమే. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది హీమోసయనిన్ అనే ప్రోటీన్. హీమోసయనిన్‌లో ఒక ఆక్సిజన్ అణువుని రెండు రాగి పరమాణువులు పట్టుకుంటాయి. ఆక్సిజన్ పట్టినప్పుడే నీలం, విడిచినప్పుడు రంగు ఉండదు. పైగా అది మన హీమోగ్లోబిన్‌లా కణాల్లో ఉండదు, ప్లాస్మాలోనే కరిగి ఉంటుంది. తీసిన చుక్కని తెల్ల పలక మీద కొద్దిసేపు గాలికి వదిలితే లేత నీలి ఛాయ వస్తుంది. కుబుసం వదిలిన రోజు రొయ్యలో రక్తం పల్చబడి ఉంటుంది కాబట్టి రంగు మరీ తక్కువ. సి దశ రొయ్యలోంచి తియ్యి.

తీసే పద్ధతి: 1 మి.లీ. సిరంజి, 26 గేజ్ సూది. రొయ్యని వెల్లకిలా పట్టుకుని అడుగు భాగం టిష్యూతో తుడవాలి. ఆఖరి నడకకాళ్ళకీ మొదటి ఈతకాళ్ళకీ మధ్య, మధ్యగీత మీద, సూదిని తలవైపు ఏటవాలుగా కొద్దిగానే దించి నెమ్మదిగా లాగాలి. 10 గ్రాముల రొయ్యకి 0.1 మి.లీ. చాలు. గట్టిగా లాగితే హీమోసైట్లు, అంటే రక్తకణాలు, పగిలి సిరంజిలోనే గడ్డ కడుతుంది. కణాలు లెక్కపెట్టాలంటే సిరంజిలో ముందే 10 శాతం సోడియం సిట్రేట్, రక్తమెంతో అంత, తీసి పెట్టుకోవాలి.

గడ్డకట్టే పరీక్షకి సిట్రేట్ వద్దు. చుక్కని స్లైడ్ మీద వేసి సూది మొనతో పైకి లాగుతూ ఉండాలి. ఆరోగ్యమైన రొయ్యలో నిమిషం అటూ ఇటూలో దారం సాగుతుంది. హీమోసైట్ల నుంచి వచ్చే ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఎంజైమ్ ప్లాస్మాలోని గడ్డకట్టే ప్రోటీన్‌ను అతికిస్తుంది. తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్యలో ఎంతసేపు లాగినా నీళ్ళలాగే ఉండిపోతుంది. ఇది నిర్ధారణ కాదు, పీసీఆర్‌కి (క్రిమి జన్యువును పట్టే ల్యాబ్ పరీక్షకి) పంపాల్సినంత గట్టి సూచన మాత్రం.

కైకలూరు_చెరువు
రక్తం సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రోగనిరోధక శక్తి పెంచుతుందని, ఒకసారి ఇస్తే పంటంతా కాపాడుతుందని వ్యాక్సిన్‌లా అమ్మేవి పని చేస్తాయా?

ల్యాబ్_స్లైడ్
వ్యాక్సిన్ మనలో పని చేసేది ముఖ్యంగా యాంటీబాడీల వల్ల. రొయ్యకి యాంటీబాడీలు లేవు. వెన్నెముక లేని జంతువుల్లో వేటికీ లేవు. రొయ్య రక్షణ అంతా హీమోసైట్లదే: క్రిమిని మింగడం, చుట్టుముట్టి కట్టెయ్యడం, ప్రోఫినాల్‌ఆక్సిడేజ్ వ్యవస్థతో మెలనిన్ పోసి నల్లగా మూసెయ్యడం. పెంకు మీద గాయం దగ్గర కనిపించే నల్ల మచ్చ ఆ మెలనినే. శిలీంధ్రాల గోడలోని బీటా గ్లూకాన్ ఆ వ్యవస్థను కదిలిస్తుంది, నిజమే. కానీ ఆ కదలిక కొద్దికాలమే నిలుస్తుంది. పంటంతా కాపాడుతుందనే మాటని నమ్మి డబ్బు పెట్టకండి.

ఉప్పుటేరు
అమావాస్య, పౌర్ణమి మాట ఎవరూ ఎత్తలేదు. చెరువులో సగం రొయ్య ఒకే రాత్రి వదలడానికి చంద్రుడితో పనేమిటి?

మొప్పల_మాస్టారు
లోపలి తాళం కంటి కాడలో ఉంది. అక్కడి ఎక్స్ అవయవం కుబుసాన్ని ఆపే హార్మోన్ తయారుచేసి సైనస్ గ్రంథి ద్వారా వదులుతుంది. అది ఉన్నంతసేపూ శిరోవక్షం ముందు భాగంలోని వై అవయవం అణిగి ఉంటుంది. అది తగ్గగానే వై అవయవం ఎక్డైసోన్ వదులుతుంది, ఒంట్లో అది 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్‌గా మారి కుబుసాన్ని మొదలుపెడుతుంది. వెలుతురు, నీటి మార్పు వంటి బయటి సంకేతాలు కంటి కాడలోని ఈ నాడీకణాల మీదే పని చేస్తాయి. అందుకే పున్నమి అమావాస్యలకే కాదు, పెద్ద వాన పడి సాలినిటీ ఒక్కసారిగా దిగినా, ఒకేసారి ఎక్కువ నీళ్ళు మార్చినా మూకుమ్మడిగా వదులుతాయి. ఖనిజాలు తక్కువున్న చెరువులో మోల్టింగ్ కోసమని నీళ్ళు మార్చడం నేను ఒప్పుకోను.

హ్యాచరీల్లో తల్లి రొయ్యకి ఒక కంటి కాడ నొక్కేసేది కూడా ఈ గ్రంథుల కోసమే. అండాశయాన్ని అణిచే హార్మోన్ కూడా అక్కడే తయారవుతుంది, అది తగ్గితే గుడ్లు త్వరగా పండుతాయి.

కైకలూరు_చెరువు
పొటాష్ మొదలుపెట్టాం. ఇంకొక్కటి: ఇదే చెరువులో కొన్ని 8 గ్రాములుంటే కొన్ని 4 దగ్గరే ఆగాయి. ఈహెచ్‌పీ అనుకోవాలా? తెల్ల మలం ఎక్కడా కనిపించలేదు.

ల్యాబ్_స్లైడ్
తెల్ల మలం లేకపోవడం ఈహెచ్‌పీ లేదని చెప్పదు. అది మైక్రోస్పోరిడియా, అంటే కణాల లోపల బతికే సూక్ష్మ పరాన్నజీవి, హెపటోప్యాంక్రియాస్ నాళికల గోడ కణాల్లో పెరుగుతుంది. దానికి సొంత మైటోకాండ్రియా లేవు, రొయ్య కణం తయారుచేసిన ఏటీపీనే లాక్కుంటుంది. పైన మాస్టారు చెప్పిన మొప్పల పంపుకి, పెంకుకి పోవాల్సిన శక్తి అక్కడ ఖర్చవుతుంది. ఆ నాళికల్లోని బి కణాలు ఎంజైమ్‌లు వదులుతాయి, ఆర్ కణాలు కొవ్వు దాచుకుంటాయి. కుబుసానికి ముందు తిండి మానిన రోజుల్లో రొయ్య బతికేది ఆ దాచిన కొవ్వు మీదే.

చిన్న రొయ్యలు పది, పెద్దవి పది విడివిడిగా తీసి, హెపటో ముక్కలు స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో పెట్టి పీసీఆర్‌కి పంపండి. రెండూ కలిపి పంపితే తేడా తెలియదు. ఈలోపు హెపటో చిన్న ముక్కని స్లైడ్ మీద నొక్కి 100 రెట్లలో చూడండి. నాళికల నిండా మెరిసే కొవ్వు బిందువులుంటే హెపటో తింటోంది, దాచుకుంటోంది. నాళికలు నొక్కుకుపోయి కొవ్వు లేకుండా ఉంటే ఆ రొయ్య ఆకలితో ఉన్నట్టే. ఈహెచ్‌పీ బీజాలు సుమారు 1.1 మైక్రాన్ల పొడవే, 40 రెట్ల అద్దంతో వెతికి లాభం లేదు. 1,000 రెట్లలో, రంగు వేసిన స్లైడ్ మీదే చూడాలి.

ఉప్పుటేరు
పీసీఆర్‌లో వస్తే ఈ పంటలో దాన్ని చంపే మందు లేదు, వెతుక్కోకండి. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక అడుగు ఎండగట్టి, కాల్చిన సున్నం హెక్టారుకి 6 టన్నులు, మీ ఎకరానికి 2.4 టన్నులు వెయ్యాలి. 10, 12 సెంటీమీటర్ల లోతు దున్ని కలిపి, నీళ్ళు చల్లి తడపాలి. మట్టి పీహెచ్ 12కి చేరితేనే బీజం చస్తుంది. పొడి మట్టి మీద చల్లి వదిలేస్తే ఆ సున్నం గాలికి మామూలు సుద్దగా మారిపోతుంది, పీహెచ్ పైకి పోదు. వారం తర్వాత కాలువ మొదలు దగ్గర, మధ్యలో, మేత పడే పట్టీల దగ్గర మట్టి తీసి పీహెచ్ కొలిచి చూడండి. స్లడ్జ్ పేరుకున్న చోట తక్కువ వస్తుంది, అక్కడ మళ్ళీ వెయ్యాలి.